తోటివారి తోడు: వెన్నుపాము వాపుతో జీవిస్తున్నవారికి



ఈనాటి నా ప్రసంగ విషయం మీలో చాలామందికి కొత్తగా తోచవచ్చు. ట్రాన్స్‌వర్స్ మైలైటిస్ అనే ఒక అరుదైన జబ్బు ఉంది. పేరుకు నోరు తిరగదు. కానీ ఆ జబ్బు వచ్చిన ఇంట్లో మాత్రం రెండు రోజుల్లోనే అది అందరి నోటా నలిగిపోయే పేరవుతుంది. ఆ జబ్బు పడినవారు ఒకరికొకరు ఎట్లా తోడు నిలవగలరు, ఆ తోడువల్ల ఏమి ఒరుగుతుంది, ఆ తోడుకు హద్దులేమిటి, ఈ మూడు సంగతులూ మీతో మనవి చేస్తాను.

ముందుగా ఒక మాట. నేను డాక్టరును కాను. హోసూరు వైపు బడిపిల్లలకు పాఠాలు చెప్పుకొనే టీచరును. మా ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతకు పోతే కన్నడం. మా ఊరినుంచి బెంగుళూరు సుమారు 40 కిలోమీటర్లు. పెద్దాసుపత్రికి పోవలసి వచ్చినప్పుడు మా వైపు తెలుగువారు మాటసాయానికని నన్ను వెంట రమ్మంటూ ఉంటారు. అట్లా ఆసుపత్రి బల్లలమీద కూర్చుని విన్నవీ కన్నవీ, డాక్టర్లను అడిగి తెలుసుకొన్నవీ చెబుతున్నాను.

మన వీపు మధ్యలో ఉండే ఎముకల గొలుసు వెన్నెముక. ఆ గొలుసు లోపల, మెదడునుంచి కిందికి దిగే నరాల కట్ట వెన్నుపాము. మెదడు ఇచ్చే ఆజ్ఞలు కాళ్ళకూ చేతులకూ పోయేది, కాలికి ముల్లు గుచ్చుకొన్న కబురు మెదడుకు చేరేది ఈ దారినే. ట్రాన్స్‌వర్స్ అంటే అడ్డంగా అని, మైలైటిస్ అంటే వెన్నుపాము వాపు అని అర్థం. దారికి అడ్డంగా ఒకచోట వాపు వస్తుంది. ఇక అక్కడినుంచి కిందికి ఆజ్ఞలు పోవు, పైకి కబుర్లు రావు. వాపు ఛాతీ ఎత్తున వస్తే కాళ్ళు, మెడ దగ్గర వస్తే చేతులు కూడా దెబ్బతింటాయి.

ఇది కొన్ని గంటల్లోనో, కొన్ని రోజుల్లోనో ముదిరే జబ్బు. వీపులో నొప్పి మొదలవుతుంది. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, బరువెక్కుతాయి. నడుముచుట్టూ తాడు బిగించి కట్టినట్లుంటుంది. ఒంటికి రావడం ఆగిపోతుంది, లేదా ఆపుకోవడం చేతకాదు. కారణాలు అనేకం. కొందరికి ఏదో ఒక జ్వరమో, దగ్గో వచ్చి తగ్గిన తర్వాత, ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తే దారి తప్పి వెన్నుపాముమీద దాడి చేస్తుంది. కొందరికి ఇది మల్టిపుల్ స్క్లీరోసిస్, న్యూరోమైలైటిస్ ఆప్టికా, లూపస్ వంటి వేరే జబ్బుకు తొలి గుర్తు. ఎంత వెతికినా కారణం చిక్కనివారూ చాలామందే ఉన్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయడం అవసరం. కాళ్ళలో పట్టు తప్పి, దానికితోడు ఒంటికి రావడం ఆగిపోతే, అది గాలి సోకడం కాదు, దిష్టి తగలడం కాదు. పసరు కట్లకూ, నాటు మర్దనలకూ పోయి రోజులు గడపవద్దు. ఆ రోజే నరాల వైద్యులున్న పెద్దాసుపత్రికి పోవాలి. ఎమ్మారై స్కాను తీసి, వెన్నుపామును ఎముకో, గడ్డో, క్షయ వ్యాధో నొక్కుతున్నదా లేక ఇది వాపేనా అని డాక్టర్లు తేల్చుకోవాలి. వాపే అయితే 3 నుంచి 5 రోజులపాటు నరానికి పెద్ద మోతాదులో స్టెరాయిడ్ మందు ఎక్కిస్తారు. దానికి లొంగకపోతే రక్తంలోని ప్లాస్మాను మార్చే చికిత్స చేస్తారు.

టీచరుగా మరొక మాట కూడా చెప్పాలి. 15 ఏళ్ళలోపు పిల్లలకు కాలో చెయ్యో హఠాత్తుగా మెత్తబడి చచ్చుబడితే, ఆ సంగతి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తప్పక తెలపాలి. పోలియో కాదని నిర్ధారించుకోవడానికి బిడ్డ మలాన్ని రెండుసార్లు పరీక్షకు పంపుతారు. 2014లో మన దేశానికి పోలియో లేదన్న ధ్రువపత్రం వచ్చినా ఈ నిఘా ఆగలేదు. అట్లా కాలు పడిపోయిన పిల్లల్లో కొందరికి బయటపడే జబ్బు ఈ వెన్నుపాము వాపే. ఎవరూ భయపడి దాచవద్దు.

ఇంతవరకూ వైద్యుల పని. ఆ పని పూర్తయి, చీటీ చేతిలో పెట్టి ఇంటికి పంపిన రోజునుంచి అసలు కథ మొదలవుతుంది.

ఈ జబ్బు పడినవారిలో సుమారు మూడోవంతు మంది బాగా కోలుకొంటారనీ, మరో మూడోవంతు కొంత లోపంతో మిగులుతారనీ, మిగిలిన మూడోవంతుకు పెద్ద లోపమే ఉండిపోతుందనీ వైద్యులు స్థూలంగా చెబుతారు. కోలుకోవడం మొదటి కొన్ని వారాల్లో, నెలల్లో ఎక్కువగా కనబడుతుంది. కొందరిలో రెండేళ్ళదాకా నెమ్మదిగా సాగుతుంది. నేను ఏ మూడోవంతులో ఉన్నాను అని రోగి అడుగుతాడు. మొదటి వారంలో ఏ డాక్టరూ దానికి కచ్చితంగా జవాబు చెప్పలేడు. ఆ జవాబులేని కాలాన్ని ఎట్లా గడపాలన్నదే ప్రశ్న.

పక్కింటివారు వస్తారు. ఒకాయన ఫలానా గుడిలో మొక్కుకోమంటారు. ఒకామె ఏ జన్మలో పాపమో అంటుంది. ఇంకొకరు ధైర్యంగా ఉండు, అన్నీ సర్దుకొంటాయి అని భుజం తట్టి, కాఫీ తాగి పోతారు. వారికి ప్రేమ లేదని కాదు. తనదాకా వస్తేగానీ తెలియదని మనవాళ్ళు ఊరికే అనలేదు. మంచంమీదున్న మనిషికి ఆ సమయంలో కావలసింది, నాకూ ఇట్లాగే అయింది, నేను ఇదిగో ఇట్లా ఉన్నాను, అని చెప్పగలిగే ఇంకొక మనిషి.

ఆ మనిషి ఏమి చేయగలదో ఒక ఉదాహరణ చెబుతాను. మా వైపు గులాబీ తోటల్లో పనిచేసే ఒకామెకు ఈ జబ్బు వచ్చింది. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు బిడ్డల తల్లి. ఆసుపత్రినుంచి వచ్చిన కొన్ని వారాలకు మాటిమాటికీ జ్వరం రాసాగింది. మందులు వాడితే తగ్గేది, ఆపితే వచ్చేది. డాక్టరు అడిగినా, అత్తగారు అడిగినా, నేను అడిగినా అన్నీ బాగానే ఉన్నాయనేది. మా మండలంలోనే, చింతచెట్టు మీదినుంచి పడి నడుము పోయి చక్రాల కుర్చీలో ఉన్న ఒక పెద్దామెను ఒకరోజు ఆమె దగ్గరికి తీసుకొనిపోయాను. ఆ పెద్దామె కుశల ప్రశ్నలతో కాలం గడపలేదు.

“దినానికి నీళ్ళెన్ని తాగతా ఉండావు పాపా?” అని అడిగింది.

ఈమె కాసేపు నేల చూసి అన్నది: “తాగితే మళ్ళీ పోవల్ల గదక్కా. నన్ను ఎవురో ఒకరు ఎత్తుకొని పోవల్ల. అందుకే తాగేది తగ్గించినా.”

“నేనూ ఆ పనే చేసినా. ఆర్నెల్లు జ్వరంతో కాలినా” అన్నది పెద్దామె.

అంతే. ఎవరికీ బయటపడని సంగతి ఆ రెండు మాటల్లో బయటపడింది. నీళ్ళు తగ్గిస్తే మూత్రం చిక్కబడి, నిలవుండి, దోషం పట్టి జ్వరం వస్తుందని డాక్టరు చెప్పి ఉంటాడు. కానీ ఎందుకు తాగడం లేదో డాక్టరుకు తెలియదు. తెలిసిన మనిషి అడిగిన తీరే వేరు. ఆ తర్వాత వారం రోజుల్లో ఆసుపత్రి నర్సు సాయంతో, శుభ్రమైన సన్నని గొట్టంతో తనే ఒళ్ళు ఖాళీ చేసుకొనే పద్ధతి ఆమె నేర్చుకొన్నది. రోజుకు నాలుగైదుసార్లు గొట్టం పెట్టుకొని, పని కాగానే తీసేయడమే ఈ పద్ధతి. 1972లో అమెరికాలో జాక్ లాపిడెస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు దీన్ని వెలుగులోకి తెచ్చారు. లోకమంతటా లక్షలమంది మూత్రపిండాలను కాపాడిన పద్ధతి ఇది. ఇక ఆమె ఎవరి చేతులమీదా పోవలసిన పని తప్పింది. నీళ్ళు తాగసాగింది.

శ్రోతలారా, తోటివారి తోడు అంటే నా దృష్టిలో ఇది. ఓదార్పు అందులో ఒక భాగం మాత్రమే. అంతకంటె ముఖ్యం బతకడానికి కావలసిన కిటుకులు. అటువంటివి కొన్ని చెబుతాను.

కాళ్ళకు స్పర్శ లేనప్పుడు స్నానానికి పెట్టిన నీళ్ళ వేడి కాళ్ళకు తెలియదు. స్పర్శ ఉన్న మోచేతితో నీళ్ళు చూసుకొన్న తర్వాతే పోసుకోవాలి. వంటింట్లో పొయ్యికి దగ్గరగా కూర్చోరాదు. వేడి పళ్ళెం ఒళ్ళో పెట్టుకోరాదు. ఎండాకాలం ఒట్టి కాళ్ళతో బండలమీద దిగరాదు. మంచంమీద ఉన్నవారిని రెండు గంటలకొకసారి ఒత్తిగిలించాలి. కుర్చీలో ఉన్నవారు మధ్యమధ్య చేతులమీద బరువు మోపి ఒళ్ళు పైకి లేపుకోవాలి. రోజూ రాత్రి చేతి అద్దంతో నడుముకింద, మడమలమీద ఎర్రబారిందేమో చూసుకోవాలి, లేదా ఇంటివారిచేత చూపించుకోవాలి. ఎందుకంటే పడకపుండు నొప్పి పెట్టకుండానే ఎముకదాకా పోతుంది. కాళ్ళు ఉన్నట్టుండి బిగుసుకొని తన్నుకొంటే అది నయమైన గుర్తనో, దయ్యం పట్టిన గుర్తనో అనుకోవద్దు. అది వెన్నుపాము దెబ్బతిన్నవారికి వచ్చే బిగువు, దానికి మందులున్నాయి. ఇవన్నీ డాక్టర్లు చెప్పేవే. అయితే చెప్పిన పదిలో రెండే గుర్తుంటాయి. మిగిలిన ఎనిమిదీ రోజూ చేసుకొనేవారి దగ్గర నేర్చుకోవాలి.

ఇటువంటి తోడుకు మన పక్కనే ఒక గొప్ప చరిత్ర ఉంది. మన చిత్తూరు సరిహద్దున ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలు ఉండేవారు. 1954లో జరిగిన వాహన ప్రమాదంలో ఆమె వెన్నుపాము దెబ్బతిని రెండు కాళ్ళూ పడిపోయాయి. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. తర్వాత విదేశాలకు పోయి పునరావాస వైద్యం చదివి వచ్చి, వేలూరులో ఆ శాఖను నడిపించారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం వెలసింది. 1972లో ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో గౌరవించింది. నడుము పడిపోయి ఆ కేంద్రానికి చేరిన ఒక రైతు, తన మంచం దగ్గరికి చక్రాల కుర్చీలో వచ్చిన డాక్టరమ్మను చూసినప్పుడు, ఆమె నోరు విప్పకముందే సగం పాఠం పూర్తయి ఉంటుంది.

ఆమె ఒక్కరే కాదు. బెంగుళూరులో 1959లో వికలాంగుల కోసం సంఘాన్ని స్థాపించిన ఎన్. ఎస్. హేమగారు తామే చక్రాల కుర్చీలో ఉండేవారు. తమిళనాడు దక్షిణాన ఆయికుడిలో 1981లో అమర్ సేవా సంగమ్‌ను స్థాపించిన ఎస్. రామకృష్ణన్‌గారు, 1975లో నౌకాదళంలో ఎంపిక పరీక్షకు పోయి, మెడ దగ్గర దెబ్బతగిలి, మెడ కిందినుంచి కదలిక పోగొట్టుకొన్నవారు. ఇక సరిగ్గా ఈ ట్రాన్స్‌వర్స్ మైలైటిస్ బాధితుల విషయానికి వస్తే, 1994లో అమెరికాలో కొందరు రోగులూ వారి కుటుంబాలవారూ కలిసి ఒక సంఘం పెట్టుకొన్నారు. ఒకరి అనుభవాలు ఒకరికి చేరవేయడం దాని తొలి పనుల్లో ఒకటి. 2019నుంచి ఆ సంఘం సీగెల్ రేర్ న్యూరోఇమ్యూన్ అసోసియేషన్ అనే పేరుతో పనిచేస్తున్నది. మన దేశంలో మల్టిపుల్ స్క్లీరోసిస్ రోగుల కోసం 1985లో వెలసిన సంఘం ఉంది. ఏ సంఘాన్ని చూసినా మూలం ఒకటే. ఒకే బాధ తెలిసినవారు ఇద్దరు కలిశారు, తర్వాత నలుగురయ్యారు.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. ఇది అరుదైన జబ్బు అంటున్నారు కదా, మా తాలూకాలో ఇంకొకరిని ఎక్కడ వెతకాలి? న్యాయమైన ప్రశ్నే. వైద్యగ్రంథాల అంచనా ప్రకారం 10 లక్షల జనాభాలో ఏడాదికి ఒకరినుంచి ఎనిమిదిమందికి ఈ జబ్బు వస్తుంది. 2011 లెక్కల్లో మా కృష్ణగిరి జిల్లా జనాభా సుమారు 18 లక్షల 80 వేలు. ఆ అంచనానే పట్టుకొని లెక్కవేస్తే జిల్లా మొత్తంమీద ఏడాదికి ఇద్దరి నుంచి 15 మంది. అందులో తెలుగు మాట్లాడేవారు, మీ వయసువారు, మీ ఊరికి దగ్గరివారు దొరకడం కష్టమే.

దీనికి జవాబు ఆ పెద్దామె ఉదాహరణలోనే ఉంది. ఆమెకు వచ్చింది వెన్నుపాము వాపు కాదు, చెట్టుమీదినుంచి పడిన దెబ్బ. జబ్బు పేరు వేరైనా వారిద్దరి దినచర్య ఒకటే. మూత్రం, మలం, చర్మం, బిగువు, మంట, మెట్లు, బస్సు, పెళ్ళిపేరంటాలు, అన్నీ ఒకటే. అందువల్ల పేరు కలిసినవారి కోసమే ఎదురుచూడకండి. మోటారుసైకిలు ప్రమాదంలోనో, బావిలో పడో నడుము దెబ్బతిన్నవారు ప్రతి తాలూకాలోనూ ఉన్నారు. ప్రభుత్వాసుపత్రి ఫిజియోథెరపీ గది ముందు వరుసగా కూర్చునేవారిని పలకరించండి. ఫిజియోథెరపిస్టును అడగండి. అడగందే అమ్మయినా పెట్టదు. అయితే మందుల మాట వచ్చేసరికి మాత్రం జబ్బు పేరు కలవాలి. దెబ్బతగిలినవారికి జబ్బు మళ్ళీ తిరగబెట్టదు. వెన్నుపాము వాపు కొందరికి, ముఖ్యంగా న్యూరోమైలైటిస్ ఆప్టికా ఉన్నవారికి, మళ్ళీ రావచ్చు. వారు ఏళ్ళతరబడి మందులు వాడవలసి ఉంటుంది. దినచర్య పాఠం ఎవరి దగ్గరైనా నేర్చుకోండి, మందుల పాఠం మాత్రం మీ డాక్టరు దగ్గరే.

ఇక మన సరిహద్దు తెలుగువారికి ప్రత్యేకంగా ఉన్న ఇబ్బంది భాష. బాధను పరాయి భాషలో చెప్పడం ఎంత కష్టమో ఆసుపత్రిలో చూడాలి. స్పర్శ పోయిన కాలును మన తెలుగువాడు మొద్దుబారింది అంటాడు. తమిళంలో మరత్తుప్పోచ్చు అంటారు. కన్నడంలో మరగట్టిదె అంటారు. చూడండి, మూడు భాషల్లోనూ ఆ కాలును మొద్దుతో, మానుతో పోల్చిన ధ్వనే వినిపిస్తుంది. బాధ అందరికీ ఒక్కటే అనడానికి ఇంతకంటె సాక్ష్యం ఏం కావాలి? కానీ మనవాళ్ళు డాక్టరు ముందు కంగారులో, వచ్చీరాని కన్నడంలో, కాలు నొప్పి అని ఒక్క ముక్క చెప్పి ఊరుకొంటారు. నొప్పి వేరు, తిమ్మిరి వేరు, మంట వేరు, మొద్దుబారడం వేరు. చీమలు పాకినట్లున్నదా, కరెంటు కొట్టినట్లున్నదా, గుడ్డ తగిలినా భగ్గుమంటున్నదా, ఏ మాటకు ఆ మాట చెబితేనే డాక్టరుకు దారి తెలుస్తుంది. ముందే ఆ దారిన పోయివచ్చిన తెలుగు మనిషి ఉంటే, ఆ మాటలు కూర్చి పెట్టగలదు. ఇంట్లోనే ఒక కాగితంమీద తెలుగులో రాసుకొని పోండి. అక్కడ అనువదించేవారు ఎవరో ఒకరు దొరుకుతారు. కాగితంలో లేని మాటను మాత్రం ఎవరూ అనువదించలేరు.

కార్యాలయాల్లోనూ ఇదే తంతు. ఆంధ్రలో విభిన్న ప్రతిభావంతులు అన్నవారినే తమిళనాడులో మాట్రుత్తిరనాళిగళ్ అని, కర్ణాటకలో వికలచేతనరు అని బోర్డుమీద రాస్తారు. ఆ బోర్డు కిందనే మన పని. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆ జాబితాలో ఈ జబ్బు పేరు విడిగా లేదని కొందరు వెనక్కు తిరిగి వచ్చేస్తారు. అట్లా రావలసిన పని లేదు. చలన వైకల్యం, దీర్ఘకాలిక నరాల జబ్బులు అనే పద్దులు అందులో ఉన్నాయి. జబ్బువల్ల మిగిలిన లోపాన్ని బట్టి ప్రభుత్వ వైద్యులు శాతం నిర్ణయిస్తారు. 40 శాతం, ఆపైన ఉంటే చాలా సౌకర్యాలకు అర్హత వస్తుంది. అటువంటి పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళవరకు ఉచితంగా చదువుకొనే హక్కు ఆ చట్టంలోనే ఉంది. ఏ కాగితాలు కావాలో, ఏ కిటికీ దగ్గర నిలబడాలో, ఇంతకుముందు నిలబడి వచ్చినవారిని అడగండి. తోటివారి తోడుకు ఇది కూడా ఒక రూపం.

ఇంతవరకు లాభాలు చెప్పాను. హద్దులు కూడా చెప్పకపోతే నా మాట సగమే అవుతుంది.

మొదటిది, పోలిక పెట్టవద్దు. నేను నాలుగో నెలలో లేచి నడిచాను, నువ్వెందుకు నడవవు అన్న మాట మంచంమీదున్నవారికి పుండుమీద కారమే. కోలుకోవడం పట్టుదలమీద మాత్రమే లేదు, వాపు ఎంత లోతుగా దెబ్బతీసిందన్నదానిమీద ఉంది. పూర్తిగా నయమైనవారు పలకరింపుకు రావచ్చు. కానీ నయంకానివారికి ఎక్కువ పనికివచ్చేది, నయంకాకపోయినా దుకాణం నడుపుకొంటున్నవారు, బిడ్డల్ని చదివించుకొంటున్నవారు.

రెండవది, మందు చెప్పవద్దు, మందు మానమనవద్దు. స్టెరాయిడ్ మాత్రల్ని ఉన్నట్టుండి ఆపడం ప్రమాదం. నా మాత్రలు మిగిలాయి తీసుకో అన్నది స్నేహం కాదు. ఏ నూనెనో, ఏ పొడినో అమ్మడానికి వచ్చే తోటి రోగిని నమస్కారం పెట్టి సాగనంపండి.

మూడవది, గుట్టు. విన్న మాట ఆ గది దాటరాదు. ఒళ్ళు తడుపుకోవడం గురించి, దాంపత్యం గురించి, ఒకరు మిమ్మల్ని నమ్మి చెబుతారు. అది ఊళ్ళో తిరిగిందా, ఆ మనిషి ఇక జన్మలో నోరు విప్పదు.

నాలుగవది, బరువు తెలుసుకోండి. బతుకుమీద విరక్తి పుట్టిందనో, చచ్చిపోతాననో ఎవరైనా అంటే, అది మీరొక్కరే మోయవలసిన బరువు కాదు. ఇంటివారికి చెప్పండి, డాక్టరుకు చెప్పండి. 14416 అనే నంబరుకు ఫోను చేయవచ్చు. ఇది 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు, తెలుగులోనూ మాట్లాడతారు. కాగితం దగ్గరుంటే రాసుకోండి, మళ్ళీ చెబుతున్నాను: 14416.

ఐదవది, సేవ చేసేవారిని మరచిపోవద్దు. రోగికి పలకరింపుకు పదిమంది వస్తారు. రాత్రి రెండు గంటలకొకసారి లేచి ఒత్తిగిలించే భార్యను, తల్లిని, నువ్వు నిద్రపోయావా అని అడిగేవారు ఉండరు. వారికీ వారిలాంటివారి తోడు కావాలి. ఇంకొక చేదు నిజం కూడా చెప్పాలి. మగవాడు పడిపోతే ఆడది నిలబడి చేస్తుంది. ఆడది పడిపోతే చాలా ఇళ్ళలో ఆమెను పుట్టింటికి పంపుతారు. జబ్బు చేసిన ఆడపిల్ల ఇంటికి, అదే స్థితిలో ఉన్న ఇంకొక ఆడమనిషి వచ్చి, భర్త ముందూ అత్తమామల ముందూ కూర్చుని, ఈమె వంట చేయగలదు, బిడ్డల్ని పెంచగలదు, నేను చేయడం లేదా, అని చెప్పే ఒక్క మాటకు, వంద పంచాయతీలకు లేని బలం ఉంటుంది.

అయితే ఎట్లా మొదలుపెట్టాలి? సంఘం, రిజిస్ట్రేషను, బ్యానరు ఇవేవీ ముందు అక్కరలేదు. ఇద్దరు చాలు. ఫోను నంబర్లు మార్చుకోండి. వారానికొక రోజు, ఒక వేళ పెట్టుకోండి. మొదటిసారి ఇంటికి పోయేముందు, రావచ్చునా అని ఆ రోగినే అడగండి, ఇంటివారిని కాదు. పోయిన తర్వాత మీ కథ చెప్పడం తగ్గించి, వారి కథ వినడం పెంచండి. నాలుగో మనిషి చేరిన తర్వాత, మూడు నెలలకొకసారి మెట్లులేని ఏదైనా చోట కలవండి. మా వైపు బడుల్లో కింది అంతస్తు తరగతి గది ఆదివారంనాడు ఖాళీగానే ఉంటుంది. ప్రధానోపాధ్యాయులను అడిగి చూడండి. వాలుబాట ఉన్న బడి అయితే మరీ మంచిది. ఒకసారి ఫిజియోథెరపిస్టును పిలవండి, ఒకసారి నర్సును పిలవండి. కలిసిన ప్రతిసారీ ఒక్క పనికివచ్చే విషయమైనా తెలుసుకొని ఇంటికి పోవాలన్నది నియమంగా పెట్టుకోండి.

ఈ జబ్బు లేని మనబోటివారికీ ఒక పని ఉంది. మీ ఊళ్ళో నడుము పడిపోయినవారు ఇద్దరు వేరువేరు వీధుల్లో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఉండవచ్చు. ఎందుకంటే ఇద్దరూ గడప దాటి రారు. వారిద్దరి గడపలూ దాటగలిగినవారు మీరే. పోస్టుమాను కావచ్చు, అంగన్‌వాడీ టీచరు కావచ్చు, పాలు పోసే మనిషి కావచ్చు. ఈ వారంలో వారిని గుర్తు తెచ్చుకోండి. ఇద్దరి అనుమతీ తీసుకొని ఒకరి నంబరు ఒకరికి చేర్చండి. ఆ తర్వాత ఏం మాట్లాడుకోవాలో మీరు నేర్పనక్కరలేదు. వారికి తెలుసు.